ఆ ఇంట్లో ఒక బిందె ఉండాలి

1881 డిసెంబరు 11. రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం పంతులుగారింట పెళ్ళి. పెళ్ళికూతురు బాలవితంతువు గౌరమ్మ, పెళ్ళికొడుకు గోగులపాటి శ్రీరాములు. వితంతువు పెళ్ళని వంటవాళ్ళు రామన్నారు. నీళ్ళు మోసేవాళ్ళు గడప తొక్కలేదు. పంతులుగారి భార్య రాజ్యలక్ష్మమ్మ బిందె పుచ్చుకుని తానే గోదావరికి వెళ్ళి నీళ్ళు తెచ్చారు, తానే వండి వార్చారు. అండగా నిలిచింది విద్యార్థులు. ఖర్చుకు ఆదుకున్నది కాకినాడ పైడా రామకృష్ణయ్యగారు.

పంతులుగారి ఇల్లు ఇప్పటికీ ఊళ్ళోనే, పురావస్తు శాఖ రక్షణలో ఉంది. గోడలు దక్కాయి, సంతోషం. అయితే రక్షిత కట్టడం వేరు, కథ చెప్పే మ్యూజియం వేరు. ఈ ఇల్లు రెండోది కావాలి.

పటానికి దండ వేసి దణ్ణం పెట్టుకుంటే పంతులుగారు అర్థం కారు. ఆరో తరగతి పిల్ల అక్కడికి వస్తే ముందుగా వంటిల్లు చూడాలి. పొయ్యి, పక్కన ఆ కాలపు ఇత్తడి బిందె, ఆనాడు నీళ్ళు ఎవరు తెచ్చారో, ఎందుకు తేవలసివచ్చిందో చెప్పే నాలుగు తేలిక తెలుగు వాక్యాలు. ఆ బిందెను నింపి ఆ పిల్ల చంకన ఎత్తుకోవాలి. బరువు తెలియాలి. తర్వాతి గదిలో 1874లో మొదలైన ‘వివేకవర్ధని’ పత్రిక పుటలు, అదే ఏడు ధవళేశ్వరంలో పెట్టిన బాలికల పాఠశాల సంగతి, పంతులుగారు జరిపించిన సుమారు నలభై వితంతు వివాహాల వివరాలు. గౌరమ్మకు ఒక గోడ ప్రత్యేకంగా కేటాయించాలి. ఇన్నేళ్ళూ ఆమె పేరు పెళ్ళి తేదీ పక్కనే ఆగిపోయింది.

చూపించడానికి వస్తువులేవీ అని కొందరు అడుగుతారు. 1922లో, రాజరాజనరేంద్రుడి పట్టాభిషేకానికి తొమ్మిది వందల ఏళ్ళు నిండిన సందర్భంలో, ఈ ఊరి పెద్దలు ఆంధ్రేతిహాస పరిశోధక మండలి పెట్టారు. వాళ్ళు పోగుచేసిన శాసనాలు, శిల్పాలు, నాణేలే గోదావరి గట్టు మీది రాళ్ళబండి సుబ్బారావు మ్యూజియానికి పునాది. ఆనాటి ఓపిక ఈనాడు గోదావరి జిల్లాల అటకల మీదికి, భోషాణాల్లోకి మళ్ళాలి. పాత ఉత్తరాలు, శుభలేఖలు, పంతులుగారి ముద్రణలు ఎవరింట ఉన్నా నకళ్ళు తీసుకుని అసళ్ళు ఆ ఇంటివారికే ఇచ్చేయవచ్చు.

2027లో గోదావరి పుష్కరాలు. స్నానానికి వచ్చే జనం రేవు నుంచి పంతులుగారింటికి నడిచి వెళ్ళేలా దారి పొడవునా గుర్తులు పెట్టాలి. అదే దారిలో ఆయన 1890లో కట్టించిన టౌన్‌హాలునూ కలపాలి. ఆదివారాలూ పండగలూ తలుపు తెరిచి ఉండాలి. కథ చెప్పడానికి ఊరి డిగ్రీ విద్యార్థులకు తర్ఫీదునిచ్చి, జీతమిచ్చి పెట్టుకోవాలి.

పురావస్తు శాఖకూ నగరపాలక సంస్థకూ ఇదే మాట వినతిపత్రంగా వెళ్ళాలి. ఊరివాళ్ళు దానిమీద సంతకాలు పెట్టాలి. ఇత్తడి బిందె మాత్రం ప్రభుత్వాన్ని అడగనక్కర్లేదు. కోనసీమలో ఏ పాత ఇంటి అటక వెతికినా ఒకటి దొరుకుతుంది.