గ్రీకు భాష – తెలుగు భాష

రెండు భాషలను పోల్చుట యనగానే మనలో రెండు కోరికలు కలుగుచుండును. ఏది గొప్పదో తేల్చవలెనను కోరిక మొదటిది. రెంటికిని ఎక్కడనో చుట్టరికము కలదని చూపవలెనను కోరిక రెండవది. ఈ రెండింటిని విడిచిపెట్టినప్పుడే పోలిక వలన మనకు ప్రయోజనము కలుగునని నా అభిప్రాయము. ఇందులకు గ్రీకు, తెలుగు భాషలు చక్కని తార్కాణము.

మొదట చుట్టరికము మాట చూతము. గ్రీకు భాష ఇండో-యూరోపియన్ కుటుంబమునకు చెందినది. సంస్కృతము, లాటిను, పారసీకము దానికి జ్ఞాతులు. తెలుగు ద్రావిడ కుటుంబమునకు చెందినది. తమిళము, కన్నడము, గోండి మున్నగునవి దీనికి తోబుట్టువులు. దక్షిణదేశ భాషలు సంస్కృతము నుండి పుట్టినవి కావని 1816లో ఎల్లిస్ అను ఆంగ్లేయోద్యోగి వ్రాసెను. 1856లో కాల్డ్వెల్ తన తులనాత్మక వ్యాకరణమున ఆ విషయమును విపులముగా నిరూపించెను. కావున గ్రీకునకును తెలుగునకును రక్తసంబంధము లేదు.

పరిచయము మాత్రము కలదు. క్రీస్తుశకము రెండవ శతాబ్దిలో టాలెమీ గ్రీకు భాషలో రచించిన భూగోళ గ్రంథమున మన కృష్ణానదీ ముఖద్వార ప్రాంతము ‘మైసోలియా’ అను పేర కనబడును. మీరు గణితమున వాడు ‘కేంద్రము’, జ్యోతిషమున వినబడు ‘హోర’, కొండను తొలిచి వేయు ‘సొరంగము’ – ఈ మూడును గ్రీకు మాటల నుండి సంస్కృతము ద్వారా మనకు వచ్చినవి. మన దేశపు ‘పిప్పలి’ గ్రీకుల నోట ‘పెపెరి’ యైనది. బేరసారములు సాగించినంత మాత్రమున వర్తకులు బంధువులు కారు గదా! భాషల సంగతియు అంతియే.

వ్యాకరణమున సైతము ఒకటి రెండు పోలికలు కనబడును. ‘గ్రాఫో’ అను ఒక్క గ్రీకు మాటకు ‘నేను వ్రాయుదును’ అని అర్థము. మన ‘వ్రాయుదును’ వలెనే అచటను క్రియాపదపు చివరి భాగమే కర్త యెవరో తెలుపును. కాని భేదములే ఎక్కువ. గ్రీకున ప్రతి నామమునకును మూడు లింగములలో ఒకటి యుండును. మనకు ఆ నియమము లేదు. ఎదుటివానిని కలుపుకొని ‘మనము’ అనియు, విడిచి ‘మేము’ అనియు మనము పలుకుదుము. గ్రీకులకు ఈ రెండింటికిని ఒకటే మాట. ఇట్టి భేదములను బట్టి ఒకటి యెక్కువ, ఒకటి తక్కువ యనుట పొరపాటు. ఏ భాష యందము దానిదే.

అసలైన పోలిక వేరొక చోట నున్నది. ఈ రెండు జాతులును తమ భాషతో తామే కలహించినవి.

గ్రీకు ప్రజలు 1821లో తురుష్కుల ప్రభుత్వముపై తిరుగబడి స్వాతంత్ర్యము సంపాదించుకొనిరి. క్రొత్త రాజ్యమునకు ఏ భాష తగినదను ప్రశ్న పుట్టెను. ప్రజలు మాటలాడు భాష పూర్వుల భాషకు చాల దూరమై యుండెను. కొరాయీస్ అను పండితుడు వాడుక భాషనే ఆధారముగా గొని, అందలి పరభాషా పదములను ఏరివేసి, పూర్వ రూపములతో సంస్కరింపవలెనని బోధించెను. అట్లు పెరిగిన శైలికి ‘కథరేవుస’ యని పేరు. శుద్ధి చేయబడినదని దాని యర్థము. ప్రజల వాడుకకు ‘దెమోతికీ’ యని పేరు. రొట్టెల దుకాణముపై పలకమీద ‘ఆర్తోస్’ అను ప్రాచీన పదమునకు సంబంధించిన పేరు వ్రాయబడి యుండగా, లోనికి పోయినవాడు ‘ప్సోమీ’ కావలెనని యడుగుచుండెను. రెండును రొట్టెయే!

ఈ వివాదము మాటలతో పోలేదు. 1901లో ఏథెన్సు నగరమున ఒక పత్రిక సువార్తలను వాడుక భాషలోనికి మార్చి ప్రకటింపగా అల్లరులు చెలరేగి ఎనమండుగురు మరణించిరి, ప్రభుత్వమే పడిపోయెను. 1917లో ప్రాథమిక పాఠశాలలలో వాడుక భాష ప్రవేశపెట్టబడెను. ప్రభుత్వము మారిన పిదప 1921లో ఒక సంఘము ఆ పాఠ్యపుస్తకములను దహింపవలెనని నివేదించెను. తుదకు 1976లో శాసనము ద్వారా వాడుక భాషయే విద్యకును పరిపాలనకును భాష యయ్యెను.

ఇపుడు మన యింటివైపు చూతము. చిన్నయసూరి 1853లో నీతిచంద్రికను, 1858లో బాలవ్యాకరణమును వెలువరించెను. ఆ గ్రంథములు తెలుగు వచనమునకు ఒక తీరును, ఒక క్రమమును ఒసగినవి. కాని పాఠశాలలలో ఆ తీరే ఏకైక మార్గమయ్యెను. ఇంట ‘వస్తాను’ అను బాలుడు పుస్తకమున ‘వచ్చెదను’ అని వ్రాయకున్న పరీక్షలో తప్పుగా నెంచబడుచుండెను. గిడుగు వేంకట రామమూర్తిగారు దీనిని ఎదిరించి శిష్టవ్యావహారికమునకై జీవితమంతయు పోరాడిరి. గురజాడ అప్పారావుగారి ‘కన్యాశుల్కము’ వాడుక భాష యెంత సమర్థమో ముందే చూపియుండెను. జయంతి రామయ్యపంతులుగారు మున్నగు పండితులు గ్రాంథికమునకై నిలిచిరి. మన కలహమున రక్తము చిందలేదు. సిరా మాత్రము విస్తారముగా చిందినది.

గ్రాంథికవాదులు భాషాద్రోహులు కారు. వాడుక జిల్లాకొక తీరుగ నుండుననియు, వ్యాకరణబద్ధమైన భాష యొక్కటే తెలుగువారినందరిని కలుపుననియు వారు భయముతోను ప్రేమతోను వాదించిరి. వారి భయమున కొంత సత్యము కలదు. అయినను వారు ఎంచుకొనిన మార్గము సరికాదని నేనెంచుచున్నాను. తల్లి నోట విన్న మాట తప్పని బడిలో చెప్పినచో, బాలుడు మంచి భాష నేర్చుకొనుటకు బదులు నోరు విప్పుటకే జంకును. భావము కలిగియు మాట పెగలనివాడు చదువుకొనియు మూగవాడే యగును. గ్రీసు దేశమున ఒక శతాబ్దమునకు పైగా, మన దేశమున కొన్ని తరములు, పిల్లలు ఈ మూగతనమును అనుభవించిరి.

వాడుక భాష గెలిచినది గనుక కథ ముగిసినదని తలపకుడు. రెండు ప్రమాదములు మిగిలియున్నవి.

మొదటిది: వాడుక యనగా ఏ ప్రాంతపు వాడుక? పుస్తకములలోను పత్రికలలోను కొన్ని జిల్లాల పలుకుబడియే ప్రమాణమై, తెలంగాణము, రాయలసీమ, ఉత్తరాంధ్ర ప్రాంతముల మాట చాలకాలము నవ్వులపాలయ్యెను. ఇది పాత తప్పిదమే. వేషము మాత్రము క్రొత్తది. ప్రజల పలుకుబడికై గళమెత్తిన కాళోజీ నారాయణరావుగారి జన్మదినమైన సెప్టెంబరు 9ని తెలంగాణమున భాషాదినముగ జరుపుట, గిడుగువారి జన్మదినమైన ఆగస్టు 29ని తెలుగు భాషాదినోత్సవముగ జరుపుట ఒకే సత్యమును చాటుచున్నవి. మీ తరగతిలో ఎవరైన వేరు యాసతో మాటలాడినపుడు నవ్వు వచ్చినచో, ఆ సత్యమును జ్ఞప్తికి తెచ్చుకొనుడు.

రెండవది: గ్రాంథికముతో విద్యార్థిని శిక్షించుట తప్పైనచో, గ్రాంథికమును బొత్తిగా విడిచిపెట్టుటయు తప్పే. గ్రీకులు వాడుక భాషను రాజభాషగా జేసికొనియు, నేటికిని ఉన్నత పాఠశాలలలో ప్రాచీన గ్రీకును బోధించుచున్నారు. నన్నయ, తిక్కన, పోతన మనకు విడిచిన సొత్తు పెట్టెలో నున్నది. పెట్టె మనదే, తాళపుచెవిని పారవైచుకొనిన లాభమేమి?

నేను ఈ వ్యాసమును పాత శైలిలోనే వ్రాసితిని. ఇట్లే వ్రాయుడని మిమ్ము కోరుటకు గాదు. ఇట్టి శైలిని చదివి గ్రహింపగల శక్తి మీకుండవలెనని కోరుటకే. మీ యింటి మాటను సిగ్గుపడక పలుకుడు. దానినే తీర్చిదిద్ది, స్పష్టముగా వ్రాయుడు. వారమునకు రెండు మూడు పుటలైనను పూర్వుల వచనమునో పద్యమునో అర్థము తెలిసికొని చదువుడు. గ్రీకులు పోట్లాడి, నెత్తురు చిందించి నేర్చుకొనిన ఈ పాఠమును మనము వారి కథ చదివియే నేర్చుకొనవచ్చును. పరభాషతో మన భాషను పోల్చుట వలన కలుగు లాభమిదియే.