తేనెపెట్టెలో ఖాళీ ఎంత ఉండాలి?

తేనెటీగలను పెట్టెల్లో పెంచుతారని మీరు వినే ఉంటారు. పెట్టె ఎంత పెద్దదైతే అంత తేనె వస్తుందని చాలామంది అనుకుంటారు. నేను ఒప్పుకోను. అలాగని చిన్నపెట్టె మేలనీ అనను. ఈగలకు ఎంత చోటు ఇచ్చామన్న దానికన్నా ఎప్పుడు ఇచ్చామన్నదే ముఖ్యమని నా అభిప్రాయం.

ఎందుకో చూడండి. పువ్వులో ఉండే మకరందం ఇంకా తేనె కాదు. అందులో తరచు సగానికి మించి నీరే ఉంటుంది. పక్వమైన తేనెలో నీరు సుమారు అయిదోవంతు మాత్రమే. మరి మిగతా నీరు ఎలా పోతుంది? ఈగలు మకరందాన్ని మైనపు గదుల్లో కొంచెం కొంచెంగా ఉంచి, రెక్కలతో విసరి ఆరబెడతాయి. తడిబట్టను మడతపెట్టి దండెం మీద వేస్తే ఆరుతుందా? పరచి వెయ్యాలి గదా! అలాగే, ఒక గదిలో పట్టే తేనె తయారుకావాలంటే ముందు పచ్చి మకరందానికి చాలా గదులు కావాలి. ఊరినిండా పూలున్నా పెట్టెలో గదులు చాలకపోతే తేనె రాదు.

1851లో అమెరికాలో లాంగ్‌స్ట్రాత్ అనే మతబోధకుడు ఒక విశేషం గమనించాడు. పట్టుకూ పెట్టెగోడకూ మధ్య 6 నుంచి 9 మిల్లీమీటర్ల సందు ఉంటే ఈగలు దాన్ని నడకదారిగా వదిలేస్తాయి. అంతకన్నా ఇరుకైతే జిగురుతో పూడుస్తాయి, వెడల్పైతే అక్కడా పట్టు కడతాయి. ఈ కొలత తెలిశాకే చట్రాలను పైకి తీసి చూసే పెట్టెలు వచ్చాయి. మన పుట్టతేనెటీగ విదేశీ ఈగకన్నా చిన్నది. దానికి తగిన పెట్టెను దక్షిణ భారతంలో న్యూటన్ అనే మరో మతబోధకుడు రూపొందించాడు. (చలన సూత్రాల న్యూటన్ వేరు!) కింద ఏడు చట్రాల పిల్లల అర, దానిపై పొట్టి చట్రాలతో తేనె అర. ఇటలీ ఈగలను పెంచేవారు ఇంతకన్నా పెద్ద పెట్టెలు వాడతారు.

తేనె అరను ఆలస్యంగా పెడితే ఏమవుతుంది? మకరందం పిల్లల అరలోనే నిండుతుంది. రాణికి గుడ్లు పెట్టడానికి గదులు దొరకవు. ఇల్లు ఇరుకైందని శ్రామిక ఈగలు కొత్త రాణి కోసం పట్టు అంచున వేరుశనగకాయ లాంటి గదులు కడతాయి. తరువాత పాత రాణి, సగం ఈగలను వెంటబెట్టుకుని లేచిపోతుంది. పోతూపోతూ అవి కడుపునిండా తేనె తాగి పోతాయి కూడా!

తొందరపడి పెట్టినా చిక్కే. పిల్లలు పెరిగే చోట సుమారు 35 డిగ్రీల వెచ్చదనం ఉండాలి. ఉన్న కాసిని ఈగలు అంత పెద్ద ఇంటిని వెచ్చగా ఉంచలేవు, కాపలా కాయలేవు. ఈగలు కప్పని పట్టులో మైనపు చిమ్మట గుడ్లు పెడుతుంది. దాని పురుగులు పట్టును తొలిచి, బూజుగూడులా చేస్తాయి.

అరకులోయలో చలికాలం మొదట్లో వలిసెపూలు పసుపు పరచినట్లు పూస్తాయి. అలాంటి పూలకాలానికి కాస్త ముందే పెట్టె తెరిచి చూడాలి. కింది చట్రాలన్నిటినీ ఈగలు కప్పి ఉండి, పట్టు పైఅంచున కొత్త మైనం తెల్లగా కనిపిస్తే అప్పుడు ఒక తేనె అర పెట్టాలి. అది చాలావరకు నిండాకే రెండవది.

ఇక తీయడం. ముప్పాతిక గదులకు మైనపు మూతలు పడిన చట్రాలనే తీయాలి. మూతలు కోసి, గుండ్రంగా తిరిగే యంత్రంలో పెడితే తేనె బయటికి చిమ్ముతుంది, పట్టు చెడదు. ఆ ఖాళీ పట్టును తిరిగి ఇస్తే ఈగలకు కొత్తగా మైనం చేసే శ్రమ తప్పుతుంది. మైనం చేయడానికి అవి ఎన్నో రెట్లు తేనె తింటాయి మరి.

కొందరు పిల్లల అరలోని తేనె కూడా తీసుకుని, బదులు పంచదార పాకం పోస్తామంటారు. పూలులేని రోజుల్లో ఆదుకోవడానికి పాకం పోస్తే నాకు అభ్యంతరం లేదు. కాని ఉన్న తిండిని లాక్కుని పోయడం వేరు. ఆ పట్లలో పిల్లపురుగులుంటాయి. యంత్రంలో తిప్పితే అవీ పోతాయి. మన పుట్టతేనెటీగ అసలే గూడు వదిలే స్వభావం గలది. తిండి పోయిన ఇంట్లో ఉండదు. ఒక సీసా తేనెకు ఆశపడితే మిగిలేది వట్టి పెట్టె.

పూలకాలం ముగియగానే తేనె అరను దించి, ఈగల బలానికి సరిపడా చోటే ఉంచాలి. దించిన పట్లను చిమ్మటలు చొరకుండా గట్టిగా మూసి దాచితే, మళ్లీ వలిసెలు పూసేనాటికి అక్కరకు వస్తాయి.