బ్యాటరీ అడగని నిప్పురవ్వ

‘మాగ్నెట్ కాయిల్ పోయినట్టుంది సార్!’

పాత స్కూటరున్న ఇంట్లో ఈ మాట వినని వాళ్లుండరు. తార్నాకలో అయినా, రామంతాపూర్‌లో అయినా మెకానిక్ చెప్పే ఆ మాగ్నెట్‌కి వందేళ్లు దాటిన చరిత్ర ఉంది. దాని పూర్వీకుడి పేరు మాగ్నెటో.

తొలినాళ్ల కార్లకు పెద్ద తలనొప్పి నిప్పురవ్వే. బ్యాటరీ అయిపోతే బండి దారిలోనే ఆగేది. జర్మనీలో బాష్ సంస్థ ఇంజినీరు గాట్లాబ్ హోనాల్డ్ 1902లో దానికో మంచి ఉపాయం అందించాడు. గుర్రపునాడా లాంటి అయస్కాంతం మధ్య తీగచుట్ట తిరుగుతుంది. తిప్పేది ఇంజినే! లావు తీగలో కరెంటు బలంగా ఉన్న క్షణంలో పాయింట్లు విడిపోతాయి. వెంటనే దానిపై వేల చుట్లున్న సన్నతీగలో వేల వోల్టులు పుట్టి, ప్లగ్ దగ్గర రవ్వ దూకుతుంది. బయటి నుంచి ఏమీ అక్కర్లేదు. వేగం పెరిగేకొద్దీ రవ్వ బలపడుతుంది కూడా.

మరి లోపం? మెల్లగా తిరిగితే రవ్వ నీరసపడుతుంది. హ్యాండిల్ వేసి చేత్తో తిప్పి స్టార్ట్ చేసే రోజుల్లో అది పెద్ద ఇబ్బందే.

ఇందుకు జవాబు మన చౌమహల్లా ప్యాలెస్‌లో ఉంది. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ఆర్డరిచ్చిన పసుపురంగు రోల్స్‌రాయిస్ అది. కారు చేతికి రాకముందే, 1911లో ఆయన కన్నుమూశారు. 1912 నాటి ఆ సిల్వర్ ఘోస్ట్ రకం కార్లలో సిలిండరుకి రెండు ప్లగ్గులు. ఒకదానికి బ్యాటరీ కాయిల్, రెండోదానికి మాగ్నెటో. స్టార్ట్ చేయడానికి అది, పరుగుకి ఇది. ఒకటి మొరాయిస్తే రెండోది ఆదుకుంటుంది. ఆరు సిలిండర్ల ఇంజిన్ ఒక్కసారి తిరిగితే మూడు రవ్వలు కావాలి. ఆనాటి మాగ్నెటో చుట్టుకి ఇచ్చేది రెండే. అందుకే దాన్ని ఇంజిన్ కంటే ఒకటిన్నర రెట్లు వేగంగా తిప్పేవారు.

తర్వాత సెల్ఫ్ స్టార్టర్లు వచ్చాయి. వాటి కోసం బ్యాటరీ ఎలాగూ మోయాల్సిందే కాబట్టి కార్లకు మాగ్నెటోతో పని లేకుండా పోయింది. అంతమాత్రాన డిజైన్ ఓడిపోయినట్టు కాదు. చిన్న పిస్టన్ విమానాల్లో ఇప్పటికీ చాలావాటికి రెండేసి మాగ్నెటోలుంటాయి. గాల్లో ఉండగా కరెంటు మొత్తం పోయినా ఇంజిన్ ఆగకూడదు కదా!

కాబట్టి తాతగారి మోటారుసైకిల్ స్టార్ట్ కావట్లేదని దాని మాగ్నెటోని పాతసామాన్లవాడికి వేసేయకండి. నీరసించిన అయస్కాంతానికి మళ్లీ శక్తి ఎక్కించొచ్చు. కాలిన తీగ మళ్లీ చుట్టించొచ్చు. ఇంట్లో ఉస్మానియాలో మెకానికల్ చదివే పిల్లలుంటే మరీ మంచిది. ముందు వాళ్లచేత విప్పించి చూడమనండి. పుస్తకంలో పది పేజీల పాఠం అరచేతిలో కనిపిస్తుంది.