నిలిచి ఉన్న బండి

పశ్చిమ గోదావరి నుండి ఒక సహోదరి వ్రాసిన ఉత్తరం పోయిన నెల మాకు అందింది. వారి అబ్బాయి మస్కటులో పనికి వెళ్ళాడట. జీపు ఆరు నెలలుగా పాకలో నిలిచి ఉంది. "రోజూ ప్రొద్దున్నే రెండు నిమిషాలు స్టార్టు చేసి ఆపేస్తున్నాము, చాలునా?" అని అడిగారు. చాలదు సరికదా, దానివల్లనే బండి పాడవుతుందని వెంటనే జవాబు వ్రాశాము. ఇది మేము పుస్తకంలో చదివి చెప్పిన మాట కాదు. 2020లో మా తమ్ముడికి అచ్చం అదే సలహా ఇచ్చి, అతనికి నష్టం తెచ్చిపెట్టి, ఆ తరువాత ఒక పొరుగింటాయన దగ్గర కూర్చుని నేర్చుకున్న పాఠం.

ఆ సంవత్సరం జనవరిలో మేమిద్దరం మనుమరాలిని ఎత్తుకుందామని ఇంగ్లండులోని డెర్బీలో ఉన్న మా అబ్బాయి ఇంటికి వెళ్ళాము. ఏప్రిల్‌లో తిరిగి రావాలి. మార్చి 23న అక్కడ లాక్‌డౌన్ ప్రకటించారు. అదే సమయానికి మన దేశానికి విమానాలు ఆగిపోయాయి. మార్చి 25 నుండి ఇక్కడ కూడా లాక్‌డౌన్. అలా అక్కడే చిక్కుకుపోయాము. ఆదివారం ఆరాధన ఫోనులోనే. రోజుకు ఒకసారి నడకకు బయటికి వెళ్ళనిచ్చేవారు, అంతే. మిగతా కాలక్షేపమంతా కిటికీలోంచి పొరుగువారి ఇంటిముందు గచ్చు మీద నిలిచి ఉన్న పెద్ద తెల్లబండిని చూడడమే.

ఆ బండిని అక్కడ మోటార్ హోమ్ అంటారు. మన మినీబస్సు అంత ఉంటుంది. లోపల మంచం, గ్యాసు పొయ్యి, చిన్న ఫ్రిజ్, నీళ్ళ ట్యాంకు, స్నానానికి షవరు, మరుగుదొడ్డి అన్నీ ఉంటాయి. డీజిలు ఇంజను. ఇల్లూ బండీ ఒకటే అన్నమాట. పిల్లలు పెద్దవారై, ఉద్యోగాలు విరమించుకున్న జంటలు చాలామంది అక్కడ వీటిలో ఊరూరూ తిరుగుతారు. బస చేయడానికి నీళ్ళు, కరెంటు ఇచ్చే మైదానాలు ఉంటాయి. ఆ మార్చిలో వాటన్నిటినీ మూసివేశారు.

పొరుగింటాయన పూర్వం లారీ డ్రైవరు. వయసులో మాకంటే నాలుగేళ్ళు పెద్ద. ఆయన భార్యకు మతిమరుపు జబ్బు మొదలై రెండేళ్ళయింది. ఇంట్లో ఏ గది ఎక్కడుందో తడబడేది కాని, ఆ బండి ఎక్కితే మాత్రం చెంచాలు ఏ సొరుగులో ఉన్నాయో, పక్కదుప్పటి ఎక్కడుందో తడుముకోకుండా తీసేది. పన్నెండేళ్ళు అందులో తిరిగారట మరి. ప్రతి సాయంత్రం చేతిసంచి పట్టుకుని బయటికి వచ్చి, "బయలుదేరుదామా?" అని భర్తను అడిగేది. ఆయన కాదనకుండా ఆమెను బండి ఎక్కించి, అందులోనే టీ పెట్టి ఇచ్చి, గంట తరువాత ఇంట్లోకి తీసుకువెళ్ళేవాడు. దారులు తెరిచిన రోజున ఆమెను నిజంగా తీసుకువెళ్ళాలి, ఆ రోజున బండి మొరాయించకూడదు. ఆయన పట్టుదల అది.

మధ్యలో ప్రహరీగోడ, ఈ ప్రక్కన మేము కుర్చీలు వేసుకుని, ఆ ప్రక్కన ఆయన పని చేసుకుంటూ, అలా మాటలు కలిశాయి. ఇంగ్లీషులో మేము అంతంతమాత్రమే గాని, బండి సంగతికి వేలు చూపిస్తే చాలు.

ఆయన అన్నిటికంటే ఎక్కువ జాగ్రత్త తీసుకున్నది బ్యాటరీల విషయంలో. మోటార్ హోమ్‌కు రెండు బ్యాటరీలు. ఒకటి ఇంజనుకు, రెండవది లోపలి దీపాలకు, నీళ్ళ పంపుకు. పైకప్పు మీద సోలారు పలక ఉంది. చూసినవారు ఇక చింతేముంది అనుకుంటారు. కాని ఆయన బండిలో ఆ పలక ఇంటి బ్యాటరీని మాత్రమే నింపుతుంది. ఇంజను బ్యాటరీని దొంగల అలారం రాత్రింబవళ్ళు కొంచెం కొంచెంగా తాగేస్తూ ఉంటుంది. బండి నడుస్తున్నప్పుడు అది లెక్కలోకి రాదు. నెల రోజులు కదలకపోతే మాత్రం బ్యాటరీ అడుగంటుతుంది.

అందుకని ప్రతి శనివారం ప్రొద్దున మీటరు పెట్టి చూసేవాడు. ఆయన పుల్లలు ఆనిస్తే, ఆమె అంకె చదివి నోటుపుస్తకంలో వ్రాసేది. ఆమెకు అప్పగించిన పని అది. ఒక్కోసారి తేదీ తప్పు వేసేది గాని, అంకె మాత్రం ఎప్పుడూ తప్పు చదవలేదు. బండి ఆపి కొన్ని గంటలైన తరువాత 12.7 వోల్టులుంటే బ్యాటరీ నిండుగా ఉన్నట్లు. 12.4కు దిగితే ఛార్జి పెట్టాలి. 12కు దిగిందంటే దాదాపు ఖాళీ. అలా ఖాళీగా వదిలేస్తే లోపలి సీసపు పలకల మీద తెల్లగా సల్ఫేటు గట్టిపడిపోతుంది. తరువాత ఎంత ఛార్జి పెట్టినా పూర్వపు సత్తువ రాదు. మన ఇళ్ళలో ఇన్వర్టరు బ్యాటరీ సంగతి తెలిసినవారికి ఇది కొత్త కాదు. 12.4 దగ్గరకు రాగానే ఆయన ఇంట్లోంచి వైరు లాగి ఛార్జరు తగిలించేవాడు.

"మరి రోజూ కాసేపు స్టార్టు చేస్తే సరిపోదా?" అని అడిగాము. ఆయన నవ్వి వివరంగా చెప్పాడు. స్టార్టరు ఒక్కసారి తిరిగితే వంద ఆంపియర్లకు పైగా లాగుతుంది. నిలబడిన చోట రెండు నిమిషాలు ఇంజను తిరిగినంతలో ఆ అప్పు తీరదు. రోజూ తీసుకోవడమే గాని తిరిగి వేయడం ఉండదు. పైగా డీజిలు మండినప్పుడు నీటి ఆవిరి పుడుతుంది. ఇంజను బాగా వేడెక్కితే అది పొగతో బయటికి పోతుంది. వేడెక్కకముందే ఆపేస్తే సైలెన్సరులో నీరై నిలిచి తుప్పు పట్టిస్తుంది. కొత్త డీజిలు బండ్లలో పొగగొట్టానికి మసి పట్టే జల్లెడ ఉంటుంది, అది కూడా పూడుకుపోతుంది. స్టార్టు చేస్తే అరగంట రోడ్డు మీద నడపాలి. బ్యాటరీ కోసం ఊరు చుట్టి రావడం ఆ రోజుల్లో అవసరమైన ప్రయాణం కిందకు రాదు గనుక, అసలు ముట్టుకోకుండా ఛార్జరు పెట్టడమే మేలని ఆయన లెక్క.

ఆ మాట వినగానే మా గుండె ఝల్లుమంది. ఎందుకంటే నూజివీడు దగ్గర మా తమ్ముడికి టాటా ఏస్ ఉంది. కిస్తీల మీద కొన్నాడు. పెళ్ళిళ్ళు లేవు, సంతలు లేవు, బాడుగ లేదు. బండి ఊరికే నిలిచిపోయిందని మార్చి నెలాఖరులో ఫోనులో బాధపడితే, పెద్దవాళ్ళం గదా అని, "రోజూ రెండు నిమిషాలు స్టార్టు చేసి ఆపు తమ్ముడూ, బండి చెడిపోదు" అని చెప్పింది మేమే. చెప్పినట్లే చేశాడు పాపం, ఒక్క రోజు కూడా మానలేదు.

ఆ రాత్రే ఫోను చేశాము గాని, అప్పటికే మే నెల రెండవ వారం. మామిడికాయల కాలం. నున్న మార్కెట్టుకు కాయ తోలడానికి ఒక తోటవారు బాడుగ మాట్లాడారట. తెల్లవారుజామున తాళం తిప్పితే టిక్కుమని శబ్దం తప్ప మరేమీ లేదు. "అక్కా, నువ్వు చెప్పినట్లే చేశాను గదా!" అన్నాడు. కోపంగా అనలేదు. కోపంగా అన్నా బాగుండేది. బ్యాటరీ కొట్టు తెరిచేవరకు ఆగి, కొత్తది తెచ్చి బిగించేసరికి మూడు రోజుల బాడుగ పోయింది. కిస్తీలకు రిజర్వు బ్యాంకు మారటోరియం ఇచ్చిన మాట నిజమే గాని, వడ్డీ ఆగలేదు. కొత్త బ్యాటరీ డబ్బు మేము పంపించాము. పోయిన బాడుగ మాత్రం తిరిగి రాలేదు.

అప్పటినుండి పెద్దాయన చెప్పినవన్నీ రాత్రిపూట తమ్ముడికి ఫోనులో అప్పగించేవాళ్ళం. చాలా రోజులు నిలిపే బండికి హ్యాండ్ బ్రేకు వేసి ఉంచకూడదు, పట్టుకుపోతుంది. మెట్ట లేని చోట నిలిపి, గేరులో పెట్టి, చక్రాలకు ముందూ వెనకా అడ్డు పెట్టాలి. టైర్లలో గాలి సరిగా ఉంచి, రెండు వారాలకొకసారి అడుగు ముందుకో వెనక్కో జరపాలి, లేకపోతే బరువంతా ఒకేచోట ఆని అక్కడ చదునుగా అవుతుంది. టైరు ప్రక్కన అచ్చయిన చివరి నాలుగు అంకెలు దాని పుట్టినరోజు. 2315 అని ఉంటే 2015లో 23వ వారంలో చేసినది. మోటార్ హోమ్ టైర్లు తిరిగి అరగడం కంటే నిలిచి ముసలివవడమే ఎక్కువ గనుక, ఏడేళ్ళు దాటితే పైకి బాగున్నా నమ్మనంటాడు ఆయన. ఛార్జరు లేనివారు బ్యాటరీ నల్లవైరు విప్పి ఉంచితే చాలావరకు క్షేమం. విప్పేటప్పుడు నల్లవైరు ముందు, బిగించేటప్పుడు ఎర్రవైరు ముందు. వారానికొకసారి బానెట్టు ఎత్తి చూడాలని కూడా చెప్పాడు. తమ్ముడు ఎత్తి చూస్తే గాలి ఫిల్టరు ప్రక్కన ఎలుక గూడు కట్టి ఉంది!

నీళ్ళ విషయం బండ్లకే కాదు, తాళం వేసి వెళ్ళే ఇళ్ళకూ పనికి వస్తుంది. ఆయన ట్యాంకు పూర్తిగా వంచేసి, పంపులన్నీ తెరిచి ఉంచాడు. నీరు 20 నుండి 45 డిగ్రీల మధ్య కదలకుండా నిలిస్తే లెజియోనెల్లా అనే క్రిమి పెరుగుతుంది. షవరు తిప్పగానే ఆ తుంపర ఊపిరితిత్తుల్లోకి పోతుంది. మన ఎండల్లో మేడమీద ట్యాంకు సంగతి ఇక చెప్పాలా? ఫ్రిజ్ తలుపు మూయకుండా ఓరగా ఉంచాడు, లేకపోతే బూజు పడుతుంది. పరుపులు గోడకు నిలబెట్టాడు. టీ పెట్టిన ప్రతిసారీ గ్యాసు సిలిండరు దగ్గరే కట్టేసేవాడు.

ఏటేటా చేయించవలసిన బండి పరీక్షకు ఆ ప్రభుత్వం ఆరు నెలలు గడువు ఇచ్చింది. మన కేంద్ర రవాణాశాఖ కూడా 2020 ఫిబ్రవరి 1 తరువాత గడువు తీరిన ఫిట్‌నెస్, పర్మిట్, లైసెన్సులు చెల్లుతాయని ప్రకటించి, ఆ వెసులుబాటును పలుమార్లు పొడిగించింది. ఆయన మాత్రం గడువు దొరికింది గదా అని ఊరుకోక, బ్రేకులన్నీ స్వయంగా చూసుకున్నాడు.

జూలై 4న, శనివారం, ఇంగ్లండులో బస మైదానాలు తెరిచారు. ఆ ప్రొద్దున ఆరింటికే కిటికీ దగ్గర నిలబడ్డాము. ఆమె సంచి పట్టుకుని వచ్చి యథాప్రకారం, "బయలుదేరుదామా?" అంది. ఆయన తాళం తిప్పాడు. ఒక్క తిప్పుకే అందుకుంది. విట్బీ అనే సముద్రతీరపు ఊరికి వెళ్ళి తొమ్మిది రోజులు ఉండి వచ్చారు. మేము ఆ నెలాఖరున వందేభారత్ విమానంలో చోటు దొరికి ఇల్లు చేరుకున్నాము.

తమ్ముడి పాకలో ఇప్పుడు మీటరు ఒకటి మేకుకు వేలాడుతూ ఉంటుంది. ఎలక్ట్రికల్ సామాన్ల కొట్టులో ఎక్కడైనా దొరుకుతుంది. ఉత్తరం వ్రాసిన సహోదరి కూడా ఒకటి కొన్నారట. మొదటిరోజు 11.9 చూపించిందని వ్రాశారు. అమ్మా, స్టార్టు చేయడం ఈ రోజే మానివేసి, మెకానిక్కును పిలిపించి బ్యాటరీని విప్పించి మెల్లగా ఛార్జి పెట్టించండి. మరునాడు మళ్ళీ ఎంత చూపించిందో మాకు వ్రాయండి. వచ్చే నెల బావి మోటారు సంగతి.