మంచుసీమలో పాతబండి బేరము

అమెరికా సంయుక్త రాష్ట్రములలో మిన్నెసోటా యను చలిసీమయందు కాపురముండు ఒక సోదరి ఈ శీర్షికకు జాబు వ్రాయుచు ఇట్లడిగినది: "మాకు ఇద్దరు చిన్నపిల్లలు. చలికాలము రాకముందే ఒక పాత స్టేషను వాగను కొనవలెనని మావారి యుద్దేశము. నాలుగు చక్రములకును శక్తి వచ్చు బండి యయినచో చాలునని స్నేహితులు చెప్పుచున్నారు. వారి మాట నమ్మవచ్చునా?" ఈ ప్రశ్న ఆమె యొక్కతెది కాదు. డిట్రాయిటు, షికాగో, బోస్టను, కెనడాలోని టొరంటో మొదలగు పట్టణములకు మన విజయవాడనుండియు, వరంగల్లునుండియు, హైదరాబాదునుండియు వెడలి స్థిరపడిన కుటుంబములు పెక్కు కలవు. పుట్టినింట మంచు నెన్నడును చూడని స్త్రీలు అచ్చట మంచులో బండి నడుపవలసి వచ్చుచున్నది. కావున ఈ నెల దీనినే విచారింతము.

స్నేహితుల మాటలో సగము సత్యము కలదు. మిగిలిన సగము ప్రాణాపాయకరము. ఆల్ వీల్ డ్రైవు అని వ్యవహరింపబడు ఏర్పాటు బండిని కదలించుటకు ఉపకరించును. మంచు పేరుకొనిన మిట్ట నెక్కునప్పుడును, రాత్రి కురిసిన మంచులో కూరుకొనిన బండిని ఉదయమున బయటికి తీయునప్పుడును దాని విలువ తెలియును. కాని బండి నాపుటకు అది యేమియు చేయజాలదు. బ్రేకులు ప్రతి కారునకును నాలుగు చక్రములకు ఉండనే యున్నవి. బండి ఆగుటయు, మలుపు తిరుగుటయు రబ్బరు నేలను పట్టుకొను పట్టుమీద ఆధారపడి యుండును గాని ఇంజనుమీద గాదు. పైగా అట్టి బండి సులభముగా కదలి వేగ మందుకొనుటచే, దారి యెంత జారుడుగా నున్నదో నడుపువారికి తెలియకుండ పోవును. ఎఱ్ఱదీపము కనబడి బ్రేకు నొక్కినప్పుడు గాని ఆ సంగతి బయటపడదు.

కనుక ధనమును మొదట టైర్లకు ప్రత్యేకించుకొని, మిగిలిన దానితో బండిని వెదకుడు. సాధారణపు టైరు రబ్బరు, ఉష్ణము 7 డిగ్రీల సెంటిగ్రేడుకు దిగిన పిమ్మట గట్టిపడ నారంభించును. శీతకాలపు టైర్ల రబ్బరు కూర్పు వేరగుటచే అది చలిలోను మెత్తగానే యుండును. దానిమీది సన్నని గాట్లు మంచును పట్టుకొనును. టైరు ప్రక్కభాగమున మూడు శిఖరముల కొండయు, దాని నడుమ మంచుపువ్వును ముద్రించి యున్నచో అది మంచులో పట్టు పరీక్షకు నిలిచినదని గుర్తు. ఎం, ఎస్ అను అక్షరములు మాత్రమే యున్న టైరు అట్లు పరీక్షకు నిలిచినదని భావింపరాదు. కెనడాలోని క్యుబెక్కు రాష్ట్రమున నమోదయిన కారు డిసెంబరు 1 మొదలు మార్చి 15 వరకు శీతకాలపు టైర్లు లేకుండ తిరుగుట చట్టవిరుద్ధము. ఆ చట్టము నాలుగు చక్రముల శక్తిగల బండ్లకును వర్తించును. ఆ బండ్లకేల మినహాయింపు లేదో ఇదివరకు చెప్పిన దానిని బట్టి మీరే గ్రహింపవచ్చును. ముందు చక్రములకు మాత్రమే శక్తిగల సామాన్యమైన బండి, నాలుగు మంచి శీతకాలపు టైర్లు తొడిగినచో, అరిగిన టైర్లు గల ఘనమైన బండికంటె మంచుమీద త్వరగా ఆగును.

టైరు అరుగుదల చూచుటకు పనిముట్లు అక్కరలేదు. అమెరికా పావుడాలరు నాణెమును తలక్రిందుగా గాటులో నిలుపుడు. వాషింగ్టను తల పైయంచు పూర్తిగా కనబడినచో, అంగుళమును 32 పాళ్లు చేయగా అందు 4 పాళ్ల లోతయినను లేదని అర్థము. పెక్కు రాష్ట్రముల చట్టము 2 పాళ్లవరకు ఒప్పుకొనును. మంచుకు మాత్రము 6 పాళ్లయినను ఉండుట మేలు. ఆల్ వీల్ డ్రైవు బండికి వేఱొక ఖర్చు కలదు, దానిని బేరమునాడు ఎవరును చెప్పరు. నాలుగు టైర్లును ఒకే చుట్టుకొలత గలవై యుండవలెను; సుబారు సంస్థ ఆ భేదము పావు అంగుళమునకు మించరాదని చెప్పుచున్నది. ఒక టైరు చిరిగినను తఱచుగా నాలుగింటిని మార్చవలసి వచ్చును. అమ్మజూపిన బండికి నాలుగు తెఱగుల టైర్లున్నచో, పూర్వపు యజమాని దానిని ఎట్లు పోషించినాడో అదియే చెప్పును.

మన కుటుంబములలో బండి నెన్నుకొనుట పురుషుల పని యని విడిచిపెట్టుట పరిపాటి. కాని చీకటి విడువకమునుపే పిల్లలను బడికి చేర్చునది ఎవరు? జ్వరము వచ్చిన బిడ్డను వైద్యుని కడకు కొనిపోవునది ఎవరు? నడుపువారు కూర్చుండి చూడని బండిని కొనరాదని నా నిశ్చితాభిప్రాయము. చలికాలపు బూట్లు తొడిగికొని వెళ్లి, ఆ బూట్లతోనే బ్రేకును యాక్సిలరేటరును నొక్కి చూడుడు. సీటు మీ ఎత్తుకు పైకి లేచునా, బానెటు చివర మీకు కనబడునా యని చూడుడు. పిల్ల కుర్చీని వెంట తీసికొనిపోయి వెనుక బిగించి, ఆ మీదట మీ సీటును మీకు వలసిన చోటికి జరుపుకొనుడు. వెనుకకు తిరిగియుండు శిశుపీఠము పెట్టినచో ముందువారి మోకాళ్లకు చోటు లేని బండ్లు అనేకము కలవు. చీరల అంగడిలో జరీ తిరగవేసి చూచు కన్ను ఈ పనికి చక్కగా చాలును. అమ్మువాడు మీతో మాటాడక మీవారితోనే మాటాడుచున్నచో, ప్రశ్నలన్నియు మీరే అడుగుడు.

వాగను అనునది పూర్వము రైలుస్టేషనునుండి ప్రయాణికులను, పెట్టెలను ఇంటికి చేర్చిన బండి. పేరు అందుచేతనే వచ్చినది. కారువలె క్రిందుగా నుండి, వెనుక తలుపు నిలువుగా తెఱచుకొనును. ఎత్తయిన బండ్లు నేడు విస్తారమైనవి గాని, 20 పౌనుల బియ్యపు సంచులను, పిల్ల బండిని ఎత్తి పెట్టవలసిన స్త్రీకి క్రిందుగా నుండు వాగనే సుఖము. బరువు క్రిందనుండుటచే మలుపులయందును నిలుకడ యెక్కువ. పాతబండ్ల బజారులో తఱచు కనబడునది సుబారు ఔట్‌బ్యాకు. 2010 మాదిరినుండి దాని అడుగునకును నేలకును నడుమ 8.7 అంగుళముల ఎడమున్నది; మంచునాగలి వీధిచివర వదలిపోయిన గట్టును దాటుటకు అది మేలు. 2026 మాదిరితో దాని రూపము ఎత్తయిన బండ్లవలె మారినది, కావున వాగను కావలసినవారు పాతవానినే వెదకవలెను. అమెరికాలో 2016 మాదిరివరకు వచ్చిన వోల్వో ఎక్స్.సి.70, 2019 వరకు వచ్చిన వోక్సువాగను గోల్ఫు వాగను, 2018 మొదలు 2020 వరకు మాత్రమే వచ్చిన బ్యూయికు టూర్‌ఎక్సు అను బండ్లును పరిశీలింపదగినవే. అయితే అరుదయిన బండికి సామానులు దొరకుట ఆలస్యమగును. జనవరి నెలలో రెండు వారములు బండి లేకుండుట అచ్చటివారికి చిన్న విషయము కాదు.

సంవత్సరము నెన్నుకొనుటలో నాకు తోచిన హద్దు 2012. ఆ మాదిరినుండి అమెరికాలో ప్రతి కారునకును బండి ప్రక్కకు జారునప్పుడు తనంతట తానే ఒక్కొక్క చక్రమునకు బ్రేకు వేసి సరిదిద్దు యంత్రముండవలెనని చట్టము వచ్చినది. సుబారు నాలుగు సిలిండర్ల ఔట్‌బ్యాకులలో 2013 నుండి వేరు ఇంజను వచ్చినది. అంతకు పూర్వపు 2.5 లీటర్ల ఇంజనులలో హెడ్ గ్యాస్కెట్లు కారుట పేరుపొందిన దోషము. వానికి టైమింగు బెల్టును 105,000 మైళ్లకు మార్చవలెను. మార్చినట్లు రసీదు లేనిచో మార్చలేదనియే లెక్కవేసికొని ధర తగ్గించి యడుగుడు.

ఇక అన్నిటికంటె ముఖ్యమైనది త్రుప్పు. ఆ రాష్ట్రములలో మంచు కరగుటకై రోడ్లమీద ఉప్పు చల్లుదురు. ఆ ఉప్పునీరు బండి అడుగునకు చిమ్మి, కనబడనిచోట ఇనుమును తినివేయును. పైరంగు అద్దమువలె మెఱయుచుండగా క్రింద చిల్లులు పడియుండుట వింత కాదు. బొగ్గులమీద మాడి అడుగు పలుచనయిన గిన్నెకు పైన కళాయి పెట్టించినట్లే యని మన ఇండ్లలో చెప్పిన అందఱికిని తెలియును. వెనుక చక్రముల పైకమానులను చేతితో తడవి చూడుడు. రంగు పొంగి గరుకుగా నున్నచో లోపల త్రుప్పు పట్టినదన్నమాట. తలుపుల క్రింది గడపను, స్పేరు చక్రపు గుంటను చూడుడు. అడుగున క్రొత్తగా నల్లరంగు దట్టముగా పూసియున్నచో సంతోషింపక సందేహింపుడు. అన్నిటికంటె బ్రేకు గొట్టములు ప్రాణముతో కూడిన విషయము. ఉప్పుచల్లు రాష్ట్రములలో 2007, అంతకు పూర్వపు మాదిరుల బండ్లు గలవారు ఈ గొట్టములను పరీక్ష చేయించుకొనవలెనని అమెరికా జాతీయ రహదారి రవాణా భద్రతా సంస్థ 2015లో హెచ్చరించినది. గొట్టము పగిలిననాడు పెడలు నేలవఱకు పోవును. కావున అమ్మువానితో సంబంధములేని మెకానికు చేత బండిని లిఫ్టుమీద ఎత్తించి, దీపము పెట్టి చూపించుకొనక రూపాయి గాని డాలరు గాని ఇయ్యరాదు. అందుకు అమ్మువాడు ఒప్పుకొననిచో అంతటితో బేరము చాలింపుడు.

త్రుప్పు భయముచే దక్షిణ రాష్ట్రముల బండిని కొనువారు కలరు. అడుగు శుభ్రముగానే యుండును. కాని అచ్చట తుపాను వరదలు కలవు. 2017లో హార్వీ తుపాను టెక్సాసు తీరమున లెక్కలేనన్ని కార్లను ముంచినది. సీటు బెల్టును చివరవరకు లాగి చూడుడు. బురదచార నడుమ కనబడినచో ఆ బండి మునిగినదే. సీటు క్రింది మరలు, తివాచీ అడుగు, లోపలి వాసన అన్నియు సాక్ష్యము చెప్పును. వేడియు తేమయు గల ప్రదేశములలో టకాటా సంస్థవారి గాలిసంచుల పేలుడుమందు చెడి, సంచి విచ్చుకొనునప్పుడు లోహపు ముక్కలు చిమ్మి అమెరికాలోనే ఇరువదిమందికి పైగా మరణించిరి. బండికి 17 అక్షరములును అంకెలును గల సంఖ్య యుండును. దానిని పైన చెప్పిన భద్రతా సంస్థవారికి తెలిపినచో బాగుచేయవలసినది మిగిలియున్నదో లేదో ఉచితముగా చెప్పుదురు, ఆ బాగును డీలరు ఉచితముగానే చేయవలెను. డీలరు బండికిటికీకి అంటించు కాగితములో "ఉన్నది ఉన్నట్లు" అను గడి గుర్తించియున్నచో, వాకిలి దాటిన తరువాత ఏది చెడినను ఖర్చు మీదే.

బండి చూడబోవునప్పుడు ముందుగా వేడిచేసి యుంచవద్దని చెప్పి, చేరగానే బానెటుమీద అఱచేయి పెట్టి చూడుడు. చల్లని ఇంజను మొదలుపెట్టునప్పుడే దాని నిజము తెలియును. ఉష్ణము సున్నకు క్రింద 18 డిగ్రీలకు పోయినప్పుడు బ్యాటరీ బలము సుమారు సగమగును, కావున పాతబ్యాటరీని వెంటనే మార్చుటయే మంచిది. పది నిమిషములు నడిపిన పిమ్మట హీటరునుండి చేయి తీసివేయవలసినంత వేడిగాలి రావలెను. లోపల తియ్యని వాసన వచ్చి, ముందుటద్దము లోపలివైపు జిడ్డు పొర పట్టుచున్నచో హీటరులోని నీరు కారుచున్నదని గుర్తు. ఆ మరమ్మతుకు ముందుపలక నంతయు విప్పవలసియుండును. వెనుక అద్దమును వేడిచేయు తీగెలు పనిచేయుచున్నవో లేదో మఱవక చూడుడు.

పిల్లలున్న ఇంట మఱి రెండు సంగతులు తెలిసియుండవలెను. దూదిదట్టించిన లావు కోటుమీదుగా కుర్చీపట్టీలు బిగించినచో అవి బిగిసినట్లు కనబడును గాని, ఢీకొన్నప్పుడు కోటు అణగి పట్టీలు వదులై బిడ్డ జారును. కోటు తీసి పట్టీలు బిగించి, కంబళి పైన కప్పుడు. రెండవది విషవాయువు. పొగగొట్టమును మంచు మూసియుండగా ఇంజను నడిపినచో వాసన లేని కార్బను మోనాక్సైడు లోపలికి వచ్చును. త్రుప్పుపట్టి చిల్లిపడిన గొట్టము, సరిగా మూసికొనని వెనుక తలుపు గల వాగనులో ఈ యపాయము మఱింత యెక్కువ. ముందు గొట్టము చుట్టు మంచు తవ్వి, ఆ పిమ్మటనే పిల్లలను కూర్చుండబెట్టి ఇంజను మొదలుపెట్టవలెను.

కొన్న తరువాత చలికాలమంతయు అప్పుడప్పుడు అడుగుభాగమును కడిగించుడు; శరదృతువున నూనె చల్లించుట మఱియు మంచిది. మొదటి మంచు కురిసిన ఆదివారమున ఖాళీగానున్న విశాలమైన పార్కింగు స్థలమునకు బండిని తీసికొనిపోయి, పిల్లలను ఇంటనే యుంచి, నెమ్మదిగా నడిపి ఒక్కమాఱు బ్రేకును గట్టిగా నొక్కి చూడుడు. పెడలు కాలిక్రింద దడదడ కొట్టుకొనును, గరగరమని ధ్వని వచ్చును. బండి చెడినదని భయపడి కాలు తీయరాదు. చక్రములు బిగిసిపోకుండ యంత్రము చేయు పని యది. కాలు అట్లే అదిమిపెట్టి, పోవలసిన దిక్కునకు స్టీరింగు త్రిప్పవలెను.