ఇంటర్న్‌షిప్ తప్పనిసరి.. బస మాత్రం ఎవరికి వారే!

పరీక్షలు ముగియగానే పెట్టె సర్దుకొని సొంతూరికి బయల్దేరే వేసవి సెలవులు విద్యార్థులకు దూరమై కొన్నేళ్లయింది. మే నెల వచ్చిందంటే ఇంజినీరింగ్, డిగ్రీ విద్యార్థులు ఆరు నుంచి ఎనిమిది వారాల ఇంటర్న్‌షిప్ వేటలో పడుతున్నారు. ఒకప్పుడు ఉత్సాహవంతులు మాత్రమే చేసిన ఈ పని ఇప్పుడు పట్టాకు షరతుగా మారింది. షరతు విధించిన వ్యవస్థ ఒక చిన్న ప్రశ్నను మాత్రం గాలికి వదిలేసింది. ఆ రెండు నెలలు విద్యార్థి ఎక్కడ ఉండాలి, ఏం తినాలి?

నిబంధనలు స్పష్టంగానే ఉన్నాయి. అఖిల భారత సాంకేతిక విద్యామండలి నమూనా పాఠ్యప్రణాళిక ప్రకారం బీటెక్ విద్యార్థి 600 నుంచి 700 గంటల ఇంటర్న్‌షిప్ చేయాలి. అందుకు 14 నుంచి 20 క్రెడిట్లు కేటాయించారు. జాతీయ విద్యావిధానం-2020కి అనుగుణంగా యూజీసీ 2024లో వెలువరించిన మార్గదర్శకాలు సాధారణ డిగ్రీ విద్యార్థులనూ ఈ పరిధిలోకి తెచ్చాయి. ఆంధ్రప్రదేశ్ అంతకుముందే డిగ్రీలో పది నెలల ఇంటర్న్‌షిప్‌ను తప్పనిసరి చేసింది. తొలి వేసవిలో రెండు నెలల సామాజిక సేవా ప్రాజెక్టు, మలి వేసవిలో రెండు నెలల స్వల్పకాలిక ఇంటర్న్‌షిప్, ఆపై ఒక పూర్తి సెమిస్టర్‌ అన్నది ఆ ప్రణాళిక. మొదటిది సొంత ఊళ్లోనే పూర్తిచేయవచ్చు. చిక్కంతా రెండోదానితోనే. కంపెనీలు, పరిశోధన సంస్థలు హైదరాబాద్, బెంగళూరు, చెన్నైలలో ఉంటాయి. విద్యార్థి ఇల్లు పాడేరులోనో, నారాయణపేటలోనో ఉంటుంది.

పెద్ద విశ్వవిద్యాలయాల్లో చదివేవారి పరిస్థితి ఇంతకంటే మెరుగని అనుకోవడం సహజం. కానీ వసతిగృహాల క్యాలెండర్ ఇప్పటికీ పాత సెలవుల ప్రకారమే నడుస్తోంది. సున్నాలు వేయడం, మరమ్మతులు చేయడం, సిబ్బందికి సెలవులు ఇవ్వడం అన్నీ మే నెలలోనే. 2024 ఏప్రిల్ చివరలో ఉస్మానియా విశ్వవిద్యాలయ చీఫ్ వార్డెన్ నీటి, విద్యుత్ కొరతను కారణంగా చూపుతూ మే నెలంతా హాస్టళ్లు, మెస్‌లు మూసివేస్తున్నట్లు నోటీసు ఇచ్చారు. కొరత ఉందా, లేదా అన్నదానిపై రాజకీయ దుమారం రేగింది. ఆ నెలలో అక్కడే ఉండి చదువుకోవాల్సిన, ప్రయోగాలు చేసుకోవాల్సిన విద్యార్థుల సంగతి ఆ రభసలో వెనక్కి పోయింది.

హాస్టల్ తెరిచి ఉన్నా భారం తప్పదు. మన విశ్వవిద్యాలయాల్లో చాలాచోట్ల మెస్‌ డివైడింగ్ పద్ధతిలో నడుస్తుంది. నెల ఖర్చును తిన్నవారి మధ్య పంచుతారు. మూడు వందల మంది ఉన్నప్పుడు వంటవారి జీతాలు, ఇతర స్థిర ఖర్చులు ఒక్కొక్కరికి పెద్దగా తెలియవు. అరవై మందే మిగిలిన వేసవిలో అదే ఖర్చు ఒక్కొక్కరి బిల్లుకు ఐదింతలుగా చేరుతుంది. ప్రొఫెసర్ దగ్గర భత్యం లేకుండా ప్రాజెక్టు చేస్తున్న విద్యార్థికి ఇది చిన్న విషయం కాదు. ఎస్సీ విద్యార్థుల పోస్ట్ మెట్రిక్ ఉపకార వేతనంలో డిగ్రీ, పీజీ స్థాయి వృత్తివిద్య చదివే హాస్టలర్లకు అందే విద్యా భత్యం ఏడాదికి 13,500 రూపాయలు. అందులోంచి మహానగరంలో రెండు నెలల అద్దె, తిండి ఎలా తీయగలరు?

ఇక మిగిలేవి ప్రైవేటు హాస్టళ్లు. అమీర్‌పేట, ఎస్సార్ నగర్, మాదాపూర్‌లలో ఉన్న వందలాది హాస్టళ్లకు కావలసింది ఏడాది పొడవునా ఉండే ఉద్యోగి. రెండు నెలలకే వచ్చే విద్యార్థి అడ్వాన్స్‌లో కోత భరించాలి, లేదంటే నలుగురు ఉండే గదిలో ఐదో మంచానికి సర్దుకోవాలి. దీనికి తోడు పన్ను నిబంధన ఒకటుంది. 2024 జూన్ 22న జరిగిన 53వ జీఎస్టీ మండలి సమావేశం విద్యాసంస్థల వెలుపలి హాస్టళ్లలో నెలకు 20 వేల రూపాయల వరకు ఉండే అద్దెకు మినహాయింపు సిఫార్సు చేసింది. విద్యార్థులకు ఊరటగా దానిని అభివర్ణించారు. అయితే వరుసగా 90 రోజులు ఉన్నవారికే అది వర్తిస్తుంది. హోటళ్లు ఈ వెసులుబాటును వాడుకోకూడదన్నది ఉద్దేశం, అందులో తప్పులేదు. ఎనిమిది వారాలంటే 56 రోజులు. ఇంటర్న్‌షిప్‌ను తప్పనిసరి చేసిన విధానమూ, 90 రోజులు లెక్కించిన విధానమూ ఒకదానినొకటి చూసుకోలేదు. రిజిస్ట్రేషన్ పరిమితికి లోబడిన చిన్న హాస్టళ్లలో ఈ పన్ను ఉండదు. కానీ ఊరు కొత్త అయిన పిల్లలకు, ముఖ్యంగా ఆడపిల్లలకు, తల్లిదండ్రులు వెతికేది కాస్త పేరున్న చోటే.

ప్రభుత్వ సంస్థలు ఇందుకు మినహాయింపేమీ కాదు. రిజర్వ్ బ్యాంకు వేసవి శిక్షణార్థులకు నెలకు 20 వేల రూపాయలు, రానుపోను రైలు చార్జీ ఇస్తుంది. విదేశాంగ శాఖ నెలకు 10 వేల రూపాయల గౌరవ భత్యం, ఢిల్లీకి విమాన ఛార్జీ ఇస్తుంది. బస ఏర్పాటు మాత్రం రెండుచోట్లా విద్యార్థిదే. నీతి ఆయోగ్‌లో భత్యమే ఉండదు, ల్యాప్‌టాప్ కూడా వెంట తెచ్చుకోవాలి. దేశ విధానాలు రాసేచోట రెండు నెలలు కూర్చునే అవకాశం ఢిల్లీలో బంధువులున్న పిల్లలకు సులువుగా, లేనివారికి దుర్లభంగా మారుతోందన్నమాట.

చదువు ముగించిన 21 నుంచి 24 ఏళ్ల వారికి 12 నెలల శిక్షణ కోసం తెచ్చిన ప్రధానమంత్రి ఇంటర్న్‌షిప్ పథకం అనుభవం ఇక్కడ గుర్తుచేసుకోవాలి. నెలకు 5 వేల రూపాయల భత్యంతో 2024 అక్టోబర్‌లో మొదలైన ప్రయోగాత్మక దశ తొలి విడతలో 1.27 లక్షల అవకాశాలు ప్రకటిస్తే, చివరకు చేరినవారు పదివేల లోపే. కారణాల్లో దూరాభారం ఒకటి. 5 వేల రూపాయలతో పరాయి ఊళ్లో బతకలేమన్నది యువత తేల్చుకున్న లెక్క.

పట్టా కావాల్సిన విద్యార్థికి అలా తప్పుకునే వీలు లేదు. అందుకే వర్చువల్ ఇంటర్న్‌షిప్ దారి పడుతున్నాడు. ఇంట్లో కూర్చొని వీడియో పాఠాలు, క్విజ్‌లు పూర్తిచేస్తే ధ్రువపత్రం వస్తుంది. వాటిలో మంచి కోర్సులూ ఉన్నాయి. రుసుము తీసుకొని ధ్రువపత్రం ఇచ్చే దుకాణాలూ వెలిశాయి. యంత్రం పక్కన నిలబడినవాడికీ, దాని వీడియో చూసినవాడికీ మార్కుల జాబితాలో ఒకే క్రెడిట్లు కనిపిస్తాయి. తేడా ఉద్యోగ ఇంటర్వ్యూలో బయటపడుతుంది.

పరిష్కారానికి కొత్త భవనాలు అక్కర్లేదు. ఒక విశ్వవిద్యాలయం వేసవిలో ఖాళీ చేసే గదుల్లో సగాన్ని ఇంటర్న్‌షిప్ లేఖ చూపిన ఇతర ప్రభుత్వ కళాశాలల విద్యార్థులకు మెస్ ఖర్చుపై ఇవ్వవచ్చు. చేరేవారు పెరిగితే డివైడింగ్ బిల్లు కూడా తగ్గుతుంది. మరమ్మతులను ఒక్కో బ్లాకులో విడతలవారీగా చేపట్టవచ్చు. విద్యాసంస్థ ధ్రువీకరించిన ఇంటర్న్‌లకు జీఎస్టీ గడువును 90 నుంచి 30 రోజులకు కుదించవచ్చు. కేంద్రం సాయంతో నడిచే ఉద్యోగినుల హాస్టళ్లలో ఉద్యోగ శిక్షణ పొందే మహిళలకు 30 శాతం వరకు చోటివ్వవచ్చన్న నిబంధన ఇప్పటికే ఉంది. ఇంటర్న్‌షిప్‌ల కోసం ప్రతి విద్యాసంస్థ నోడల్ అధికారిని నియమించాలని యూజీసీ చెబుతోంది. కంపెనీల జాబితాతో పాటు ఆయా నగరాల్లో మంచాల జాబితానూ ఆ అధికారి సిద్ధం చేయాలంటే, ఆ పని మే నెలలో కాదు, జనవరిలోనే మొదలవ్వాలి.