వీణ పట్టే చేతిని కాస్త చూసుకుందాం

పగలంతా ల్యాప్‌టాప్. సాయంత్రం చపాతీ పిండి కలపడం, లంచ్ బాక్సులు, చంటివాణ్ణి ఎత్తుకోవడం. ఇండియాలో గురువుగారికి సాయంత్రం ఆరు గంటలైతే సిడ్నీ, మెల్‌బోర్న్‌లలో మనకి రాత్రి పదిన్నర, వేసవిలో అయితే పదకొండున్నర. అప్పుడు వీణ ముందు కూర్చుంటాం, పొద్దుట్నుంచీ అలిసిపోయిన ఆ చేతులతోనే. పెర్త్‌లో ఉన్నవారికి ఎనిమిదిన్నరే, వాళ్లు కాస్త అదృష్టవంతులు!

చిన్నప్పుడు నేర్చుకుని, పెళ్లి, ఉద్యోగం, పిల్లల మధ్య వదిలేసి, నలభై దాటాక మళ్లీ వీణ పట్టినవారు మనలో చాలామందే ఉన్నారు. త్యాగరాజ ఆరాధన దగ్గరపడేసరికి సాధన ఒక్కసారిగా రెట్టింపు చేస్తారు. నాలుగో రోజుకి మణికట్టు సలుపు. "నరం పట్టేసింది, అదే పోతుందిలే" అని జండూబామ్ రాసుకుని మళ్లీ కూర్చుంటారు. చాలాసార్లు అది నరం కాదు. కండరాన్ని ఎముకకి కట్టి ఉంచే తాడులాంటి టెండన్. ఓర్చుకుంటే బలపడే వస్తువు కాదది. కోలుకునే వ్యవధి ఇవ్వకపోతే వారాల్లో తగ్గాల్సిన నొప్పి నెలల తరబడి కూర్చుంటుంది.

ఇది మన ఒక్కరి బలహీనతేమో అని చిన్నబుచ్చుకోనక్కర్లేదు. ఆస్ట్రేలియాలోని 8 వృత్తి ఆర్కెస్ట్రాల నుంచి 377 మందిని అడిగి, సిడ్నీ యూనివర్సిటీ పరిశోధకులు 2012లో ఒక అధ్యయనం ప్రచురించారు. తమ వాయిద్యం వాయించడానికి అడ్డుపడేంత నొప్పి లేదా గాయం ఎప్పుడో ఒకప్పుడు వచ్చిందని వారిలో 84 శాతం మంది చెప్పారు. రోజంతా అదే పనిగా ఉన్నవారికే అలా ఉంటే, ఇల్లూ ఆఫీసూ ముగించుకుని వచ్చే మన చేతుల సంగతి వేరే చెప్పాలా?

వీణలో శ్రమ ఎక్కడ పడుతుందో చూడండి. ఎడమ చెయ్యి దండి కిందనుంచి చుట్టి వచ్చి, మణికట్టు వంగి ఉండగానే చూపుడు వేలు, మధ్య వేలు తీగను మెట్టు మీద నొక్కి పక్కకి లాగాలి. గమకం పలికేది ఆ లాగడంలోనే. కుడిచేతి వేళ్లు మీటుతుంటే చిటికెన వేలు తాళం తీగల పని చూస్తుంది. భుజం పైకి బిగబట్టి, బొటనవేలితో దండిని గట్టిగా అదిమితే భారం రెండింతలవుతుంది. అద్దం ముందు కూర్చుని ఒక్క వర్ణం వాయించి చూసుకోండి, ఎక్కడ బిగుస్తున్నారో మీకే తెలిసిపోతుంది.

నొప్పి మొదలైతే ఏం చెయ్యాలి? వాయించడం ఆపాక కాసేపటికి పోయే అలసట వేరు, మర్నాడు పొద్దున టీ కప్పు ఎత్తినా గుచ్చే నొప్పి వేరు. రెండోది అయితే గమకాలు కొన్నాళ్లు ఆపండి. చేతిని మాత్రం పూర్తిగా కట్టేసి కూర్చోవద్దు, నొప్పి లేనంత మేర కదుపుతూ ఉండాలి. తగ్గుముఖం పట్టాక పది నిమిషాలతో మొదలుపెట్టి, మర్నాడు చెయ్యి ఏమంటుందో చూసి రెండు మూడు రోజులకి ఐదేసి నిమిషాలు పెంచుకోండి. గంట ఏకబిగిన వాయించే బదులు ఇరవై నిమిషాల చొప్పున మూడు సార్లు కూర్చోవడం మేలు. చలికాలంలో చేతులు గోరువెచ్చని నీళ్లలో పెట్టి, సరళీ స్వరాలు నెమ్మదిగా వాయించాకే వర్ణం ఎత్తుకోండి. నొప్పి మాత్ర వేసుకుని సాధనకి కూర్చోవడం మాత్రం వద్దు. ఆపమని చెప్పే గొంతు నొక్కేసినట్టే.

వీణని కూడా ఓ చూపు చూడండి. అదే తీగను మూడో శ్రుతి నుంచి రెండో శ్రుతికి దించితే బిగువు సుమారు 20 శాతం తగ్గుతుంది. లాగడం తేలికవుతుంది. తీగలు మెట్ల మీద మరీ ఎత్తుగా ఉంటే నొక్కడానికే బలమంతా పోతుంది. ఇక్కడి ఎండల్లో కారులో వదిలేస్తే మెట్ల కింది మైనం మెత్తబడుతుంది. మెట్టు పక్కకి జరిగితే సరైన స్వరం కోసం ప్రతిసారీ అదనంగా లాగాల్సి వస్తుంది. కింద కూర్చోలేనివారు కుర్చీలో కూర్చుని, వీణని స్టాండు మీద పెట్టుకోవచ్చు, అందులో అపచారం ఏమీ లేదు.

చంటిపిల్లల తల్లులకి ఒక మాట. బొటనవేలి వైపు మణికట్టు నొప్పి పెడితే అది డి కెర్వేన్ అనే ఇబ్బంది కావచ్చు. బిడ్డని చంకల కింద బొటనవేళ్లు చాపి ఎత్తడం వల్ల ఎక్కువవుతుంది. అరచేతులు పైకి ఉండేలా పిరుదుల కిందనుంచి ఎత్తుకోండి. ఇనప పెనం ఒక్క చేత్తో లేపకండి. పిండి కలపడం మిక్సరుకో, ఇంట్లో ఉన్న మగవారికో అప్పగించండి!

రాత్రిళ్లు బొటనవేలు, చూపుడు, మధ్య వేళ్లు తిమ్మిరెక్కుతున్నా, వేలు ముడుచుకుని టక్కున తెరుచుకుంటున్నా, పట్టు సడలి వస్తువులు జారిపోతున్నా, వాపు ఎర్రబడి వేడిగా ఉన్నా ఇంటి వైద్యం చాలదు. షుగర్, థైరాయిడ్ ఉన్నవారికి ఇలాంటివి ఎక్కువగా వస్తాయి కాబట్టి డాక్టరుకి తప్పకుండా చెప్పండి. ఇక్కడ ఫిజియోథెరపిస్ట్ దగ్గరికి వెళ్లడానికి జీపీ చీటీ అక్కర్లేదు. చేతుల విషయంలో ప్రత్యేక శిక్షణ ఉన్న హ్యాండ్ థెరపిస్టులు దొరికితే ఇంకా మంచిది. బాధ ఆరు నెలలు దాటినా, దాటేలా ఉన్నా జీపీని క్రానిక్ కండిషన్ మేనేజ్‌మెంట్ ప్లాన్ గురించి అడగండి. మెడికేర్ ఉన్నవారికి దాని కింద ఏడాదికి 5 సార్ల వరకు ఇలాంటి సేవలకి కొంత డబ్బు వెనక్కి వస్తుంది. వీసా మీద ఉన్నవారు తమ ఇన్సూరెన్సులో ఏం వస్తుందో ముందే చూసుకోండి. వీణ చూడని థెరపిస్టుకి మాటల్లో చెప్తే అర్థం కాకపోవచ్చు. మీరు వాయిస్తుండగా ఒక నిమిషం వీడియో తీసుకెళ్లి చూపించండి.

అన్నింటికన్నా కష్టమైనది గురువుగారికి చెప్పడం. "సాధన చెయ్యలేక సాకులు" అనుకుంటారేమోనని భయం. చెప్పండి. చెయ్యి విశ్రాంతిలో ఉన్నన్నాళ్లూ క్లాసు మానక్కర్లేదు. కీర్తనని స్వరంతో, సాహిత్యంతో పాడి వినిపించండి, తాళం వేయండి, గమకం గొంతులో పలికించండి. గొంతులో స్థిరపడ్డ గమకం తర్వాత వేళ్లకి తొందరగా అందుతుంది. ఆరాధనకి పెద్ద కీర్తన బదులు చిన్న దివ్యనామం ఎంచుకున్నా ఎవరూ తక్కువ చేయరు.

ఇరవై ఏళ్ల తర్వాత మళ్లీ దొరికిన వీణ ఇది. ఒక్క కార్యక్రమం కోసం మరో ఏడాది దాన్ని మూలన పెట్టుకోవద్దు. ఈ రాత్రి క్లాసు మొదలయ్యే ముందే మీ చేతి సంగతి గురువుగారితో చెప్పేయండి.